తాంబాళం మీది పేరు

మణవాళనగర్‌లో కోకిలమ్మ వాళ్ళ వంటింటి లాఫ్ట్ ఇప్పుడు ఖాళీగా ఉంది. చేత్తో తుడిచి చూస్తే దుమ్ము కూడా అంటదు. ఆ ఖాళీని చూపించి మురిసిపోవడానికి కోడలు యశశ్విని పక్కింటి వాళ్ళను పిలిచి మరీ కాఫీ ఇస్తుండేది. "ఎంత గాలి వస్తా ఉండాదో చూడండక్కా" అనేది. లాఫ్ట్ ఖాళీ చేస్తే గాలి ఎక్కణ్ణించి వస్తుందో ఆ పిల్లకే తెలియాలి. కోకిలమ్మ మాత్రం వంట చేస్తున్నంతసేపూ తల పైకెత్తదు. ఎందుకెత్తదో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. పోదాం, అన్నీ చెబితే గానీ ఇది అర్థమయ్యేది కాదు.

ఊత్తుకోట దాటాక ఆరణి ఏటి ఒడ్డున పట్టుమని వంద గడపలు లేని పల్లె ఆమెది. వేరుశనగ, వరి, రెండు జతల ఎద్దులు ఉన్న ఇల్లు. అన్న వాసుదేవ, తను, ఇద్దరే పిల్లలు. ఊళ్ళో తెలుగు బడి అయిదో తరగతి దాకే ఉండేది. అయిదయ్యాక అన్న ఊత్తుకోట హైస్కూలుకు పోయాడు, చెల్లెలు పొయ్యి దగ్గరకు పోయింది. అయినా ఆ అయిదేళ్ళ చదువుతోనే ఊళ్ళో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివి పెట్టేది ఈమే. "మా కోకిల చదివితే ఉత్తరం రాసినోళ్ళు ఎదురుగా కూర్చోని మాట్లాడినట్టుంటుంది" అని అన్న పదిమందిలో చెప్పుకునేవాడు.

పంతొమ్మిదో ఏట తిరువళ్ళూరు బజారులో తాళ్ళు, చేటలు, చీపుళ్ళు అమ్మే జయరామన్‌కిచ్చి చేశారు. ఆయనదీ తెలుగిల్లే. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. మనిషి చెడ్డవాడు కాదు, కానీ మాట అంటే దానికి తిరుగు ఉండకూడదు. కోకిలమ్మ కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ చెంగమ్మ తన చెంబు చేతిలో పెట్టి పంపింది. చెంబు మెడ కింద ఆ తల్లి పేరు తెలుగులో చుక్కలు చుక్కలుగా చెక్కి ఉండేది. ఆనాటి నుంచి కోకిలమ్మ మంచినీళ్ళు తాగుతూ వచ్చింది ఆ చెంబుతోనే.

మహేష్ పుట్టి ఏడాది నిండినప్పుడు తిరుత్తణి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలి కదా, వాసుదేవ ముందురోజే దిగాడు. చంకలో ఒక ఎవర్‌సిల్వర్ తాంబాళం, మెరిసే స్టీలు పళ్ళెం, చిన్న బండి చక్రమంత ఉంది. అంచు చుట్టూ తీగ, తీగ లోపలి వైపున అక్షరాలు. సత్యవేడు బజారులో ఉలీ సుత్తీ పట్టుకుని చుక్క పక్కన చుక్క కొట్టే ఒక ముసలాయన దగ్గర అరపూట కూర్చుని కొట్టించుకొచ్చాడట. 'చెల్లెలు కోకిలకు అన్న వాసుదేవ పెట్టిన సీరు, తిరుత్తణి' అని ఉంది. దాని నిండా పళ్ళు, పట్టుబట్టలు పెట్టుకుని మెట్లెక్కాడు. కోకిలమ్మ ఆ అక్షరాలను వేలితో తడుముకుంటూ ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు.

సీరు అంటే పుట్టింటివాళ్ళు ఆడపిల్లకు పెట్టే కానుక, ఆ పల్లెల్లో అది ఆషామాషీ సంగతి కాదు. ఆడపిల్ల దాన్ని వాడుకోనీ, మూల పడెయ్యనీ, అది ఆమె ఇంట్లో ఉండాల్సిందే. తిరిగి పుట్టింటికి పంపిందంటే ఒకటే అర్థం, మీకూ నాకూ ఇక ఏమీ లేదని. కోకిలమ్మ చిన్నప్పుడు వాళ్ళ మేనత్త ఏదో పంతం కొద్దీ ఒక ఇత్తడి బిందెను ఎద్దుల బండిలో వెనక్కి పంపింది. తాత ఆ బిందెను చూశాడు. పెరట్లోకి పోయి, చావు కబురు విన్నవాడిలాగా తలకు నీళ్ళు పోసుకుని తడిబట్టలతో లోపలికొచ్చాడు. ఆ తర్వాత మేనత్త పదేళ్ళు బతికింది గానీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

మహేష్‌కు అయిదేళ్ళప్పుడు కోకిలమ్మ పలక పట్టుకుని అఆలు దిద్దించింది. పిల్లవాడు చురుకు. నెల తిరక్కుండా తన పేరు తానే రాసుకున్నాడు. ఆ నెలలోనే బళ్ళో తమిళం నోటుపుస్తకంలో తెలుగు 'మ' రాసి పెట్టాడని టీచరమ్మ జయరామన్‌ను పిలిపించింది. ఆయన రుసరుసలాడుతూ ఇంటికొచ్చాడు.

"వాడు ఈ ఊర్లో బతకల్ల. రెండు రకాల అక్షరాలు నెత్తిన రుద్దితే రెండూ రావు. తుడిచెయ్ మే ఆ పలక" అన్నాడు.

తుడిచేసింది. వాదించలేదు. మాట్లాడేది తెలుగే కదా, చదవకపోతే కొంపేం మునిగిపోతుందిలే అనుకుంది. ఎంత తేలిగ్గా అనుకుందో! ఇంట్లో కొత్తగా కొన్న గిన్నెల మీద, గ్లాసుల మీద జయరామన్ తమిళంలో 'జె. కోకిల' అని పేరు కొట్టించేవాడు. ఆమెకు అదీ చదవడం వచ్చింది. అంగట్లో కూర్చుని కూర్చుని తమిళం నేర్చుకుంది. తను రెండూ చదవగలదు కాబట్టి, ఒక్కటే చదవగలిగిన మనిషి తన ఇంట్లోనే పెరుగుతున్నాడన్న సంగతి ఆమె బుర్రకు తట్టనే లేదు.

ఇక అన్నకూ చెల్లెలికీ ఎందుకు చెడిందో చెప్పాలి. వాసుదేవకు దర్శిని అని ఒక కూతురు. మహేష్‌కు చేసుకుంటానని కోకిలమ్మ ఆ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే మాటిచ్చింది. తీరా మహేష్ ఇంజనీరు చదివి, పట్టాభిరామ్‌లో ఒక కంపెనీలో చేరి, రోజూ ఎక్కే రైల్లో యశశ్వినిని చూసుకున్నాడు. ఆ పిల్లది తిరుత్తణి, తెలుగువాళ్ళే, వంక పెట్టడానికి ఏమీ లేదు. కోకిలమ్మ ఏడ్చింది, బతిమాలింది, చివరికి తనే పల్లెకు పోయి అన్న ముందు తలవంచుకుని చెప్పింది. వాసుదేవ అరవలేదు. "సరే మే" అన్నాడు. ఆ రెండు మాటలతో తొమ్మిదేళ్ళు గడిచాయి. దర్శినికి వేరే మంచి సంబంధం కుదిరింది, ఆ పెళ్ళికి పిలుపు లేదు. జయరామన్ పోయినప్పుడు వాసుదేవ వచ్చాడు. పుట్టింటి చీర చెల్లెలి భుజాన వేశాడు, గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా బస్సెక్కి పోయాడు.

జయరామన్ పోయాక అంగడి తీసేశారు, తిరువళ్ళూరు ఇల్లు వదిలి మణవాళనగర్‌లో రెండు గదుల ఇంటికి మారారు. ముప్పై ఏళ్ళ సామానంతా ఆ లాఫ్ట్‌లోకి ఎక్కింది. పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు వచ్చిన గిన్నెలు, అండాలు, అడుగు నల్లబడ్డవి, అట్టపెట్టె విప్పనివి. అన్న ఇచ్చిన తాంబాళం పాత పంచెలో చుట్టి అన్నిటికన్నా లోపల. వాడితే గీతలు పడతాయని దాచుకుంది. దాచుకోవడమే తప్పయిందని ఇప్పుడంటే ఏం లాభం.

యశశ్విని చెడ్డ పిల్ల కాదు. ఆ మాట నేను ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ ఆ పిల్ల మీద విరుచుకు పడకుండా. కొడుకు విమల్ పుట్టి, ఇంట్లో కాలు పెట్టే చోటు లేక ఊపిరాడలేదు ఆమెకు. ఫోనులో ఎవరెవరో ఖాళీ ఇళ్ళు చూపిస్తూ, తక్కువ సామానుతో ఎంత హాయిగా బతకొచ్చో చెప్తుంటే విన్నది. ఏడాదిగా ముట్టుకోని వస్తువు ఇంట్లో ఉండకూడదట. ముందు తన చీరలు సగం తీసేసింది, తర్వాత మహేష్ చొక్కాలు. ఆ తర్వాత ఆమె కళ్ళు లాఫ్ట్ మీద పడ్డాయి.

అదే నెలలో విమల్‌కు ఏడాది నిండబోతోంది. తిరుత్తణిలో గుండు కొట్టించి చెవులు కుట్టించాలి. చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి యశశ్విని తమ్ముడున్నాడు. కానీ కోకిలమ్మ పట్టు కోకిలమ్మది. మా అన్న లేకుండా నా మనవడికి వెంట్రుకలు తీయకూడదంది.

"ఏ మొహం పెట్టుకోని పోతావు మా?" అన్నాడు మహేష్.

"ఉండే మొహమే పెట్టుకోని పోతాను. తిడితే తిట్టనీ. తిట్టినా మా అన్నే కదా" అంది.

బస్సు టైమవుతోంది. చేతిసంచీలో చీర కుక్కుకుంటుంటే కోడలు వచ్చి నిలబడింది.

"అత్తా, మీరు వచ్చేలోపల లాఫ్ట్ శుభ్రం చేసేస్తాం. మీకు ఏవేవి కావాలో చెప్పండి. మళ్ళా ఏడవకూడదు."

కోకిలమ్మ మనసంతా పల్లెలో ఉంది. అన్న గుమ్మంలోకి రానిస్తాడా లేదా అన్నదే ఆమె గుబులు. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "నా పేరుండేవి మాత్రం ముట్టుకోవద్దు. తక్కినవి ఏమన్నా చేసుకో పో" అంది. మాట సరిగానే చెప్పింది పాపం. ఎవరికైనా అర్థమయ్యే మాటే.

పల్లెలో మొదటి రోజు వాసుదేవ చెల్లెలి వైపు చూడలేదు. వదిన దేవసేనే కూర్చోబెట్టి అన్నం పెట్టింది. రెండో రోజు పొద్దున బోరు దగ్గర ఆయన మడికి నీళ్ళు కడుతుంటే కోకిలమ్మ వెనకాలే పోయి గట్టు మీద నిలబడింది.

"నేను మాట తప్పినాను. కాదనలేదు. నా కొడుకు తప్పించినాడు, నేను తప్పినాను, రెండూ ఒకటే. కానీ నీ ఒళ్ళో గుండు కొట్టించుకున్నోని బిడ్డకి గుండు కొట్టిస్తా ఉండారు. నువ్వు లేకుండా యట్లన్నా?"

వాసుదేవ పార ఆపలేదు. ఇటు తిరక్కుండానే అడిగాడు.

"ఆ తాంబాళం ఉండాదా?"

ఆ ఒక్క మాటకు కోకిలమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఉండకుండా యాడికి పోతుందన్నా? ఒక్క గీత పడనీకుండా పెట్టుకోనుండాను. మొగుడు పోయినదాన్ని, నేను ముట్టకూడదు గానీ, నా కోడలి చేత ఆ తాంబాళంలోనే నీకు తాంబూలం పెట్టిస్తా. నువ్వే చూస్తువు గానీ రా."

"సరే పో. కండిప్పా వస్తా" అన్నాడు వాసుదేవ. తప్పకుండా అనడానికి ఆ తమిళ మాట అతని నోట్లోంచి ముచ్చట పడ్డప్పుడే వస్తుంది. కోకిలమ్మ ఆ రోజు వదిన వండిన పులుసు రెండుసార్లు వడ్డించుకు తింది. తిరుగు బస్సులో పక్కన కూర్చున్న ఎవరో తెలియని ఆమెకు, మా అన్న వస్తున్నాడని చెప్పుకుంది.

ఇంటికి వచ్చేసరికి లాఫ్ట్ ఖాళీ. అద్దంలా తుడిచి ఉంది. వంటింటి గట్టు మీద వరసగా గ్లాసులు, నాలుగు గిన్నెలు, ఒక క్యారియరు, గరిటెలు, స్పూన్లు. అన్నిటి మీదా తమిళంలో 'జె. కోకిల'.

"చూడండత్తా, మీ పేరుండేవి ఒక్క స్పూను కూడా పోనీలేదు. మీ కొడుకూ నేనూ ఒకొక్కటీ తిప్పి తిప్పి చూసినాం" అంది యశశ్విని గర్వంగా.

"తాంబాళం యాడమ్మా?"

"ఏ తాంబాళం?"

"పెద్దది. అంచుకు తీగ ఉంటుంది. పంచెలో చుట్టినాను."

కోడలు మొగుడి వంక చూసింది. మహేష్ తల గోక్కున్నాడు. "పెద్దవన్నీ నటరాజ్ అంగట్లో పాతసామానుకు వేసేసినాం మా. మూడు గోతాలు. నువ్వే కదా చెప్పినావు."

కోకిలమ్మ కాళ్ళు కడుక్కోకుండానే వెనక్కి తిరిగింది. ఆటో పట్టుకుని తిరువళ్ళూరు బజారులో నటరాజ్ పాత్రల అంగడికి పోయింది. పాతసామానుకు వచ్చిన తాంబాళం ఒకటి ఉండాలి, తెలుగులో పేరుంటుంది, ఎక్కడుందని అడిగింది. నటరాజ్ మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. పాతసామాను నిన్ననే లారీకెత్తారని, ఈపాటికి ఎక్కడో కరుగుతుంటుందని చెప్పాడు. ఆమె అడిగినదానికి ఆయన సరైన జవాబే చెప్పాడు. అడగాల్సింది వేరే ఉందని ఇద్దరికీ తెలియదు.

ఇంటికొచ్చి ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. అంటే ఏమొస్తుంది? వాళ్ళు తన మాట వినే చేశారు కదా. చెంగమ్మ చెంబుతో నీళ్ళు తాగి పడుకుంది. పడుకుందే గానీ, బోరు గట్టు మీద అన్నకు చెప్పిన మాట నిద్ర పోనివ్వలేదు.

అనుకున్న రోజు వచ్చింది. తిరుత్తణి కొండ మీద విమల్ గుక్కపట్టి ఏడుస్తుంటే గుండు కొట్టారు, గంధం రాశారు. వాసుదేవ తెల్ల పంచె, దేవసేన పట్టుచీర. తొమ్మిదేళ్ళ తర్వాత మహేష్ "మామా" అని కాళ్ళకు మొక్కితే, వాసుదేవ వాడి భుజాలు పట్టుకుని లేపి, "నీ గుండుకు కూడా నువ్వు ఇట్లనే అరిసినావురా" అని నవ్వాడు. కోకిలమ్మ కళ్ళొత్తుకుంది. తాంబూలం పెట్టే వేళకు యశశ్విని ఇంకేదో కొత్త పళ్ళెం తెచ్చింది. వాసుదేవ దాన్ని చూశాడు. చెల్లెల్ని చూశాడు.

"మన తాంబాళం యాడమే?"

అప్పుడన్నా నిజం చెప్పి ఉండాల్సింది. పోయిందన్నా, పిల్లలు తెలియక వేసేశారు, నన్ను కొట్టు అని ఉంటే ఆయన తిట్టేవాడు, అలిగేవాడు, సాయంత్రానికి సర్దుకునేవాడు. కానీ అంత సంతోషంగా ఉన్న అన్న మొహం చూస్తూ ఆమెకు నోరు రాలేదు.

"అంత బరువు కొండ మీదికి యాడ మోసేదన్నా? బీరువాలో భద్రంగా పెట్టొచ్చినాను" అంది.

"అదీ సరేలే" అన్నాడు వాసుదేవ.

కొండ దిగాక సత్రంలో భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి గుడ్డసంచులు వరసగా మూతికట్టి ఉన్నాయి. యశశ్విని వాటిలోంచి అన్నిటికన్నా పెద్ద సంచీ వెతికి తీసింది. రెండు చేతులా పట్టుకుని వాసుదేవకు ఇచ్చి, మొగుడితో కలిసి మళ్ళీ సాష్టాంగపడింది. పెద్దవాళ్ళకు పెద్దది ఇవ్వాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. కోకిలమ్మ కోడల్ని చూసి కడుపు నిండిపోయింది అనుకుంది. అన్న ఆ సంచీని చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. ముప్పై అయిదేళ్ళ కిందట కూడా అచ్చం అలాగే చంకలో పెట్టుకుని వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే దేవసేన ఫోను.

"ఏమే కోకిలా, మేం నీకేం పాపం చేసినాం? పిలిచి, కాళ్ళకు మొక్కించి, మా సీరు మాకే కట్టిచ్చి పంపిస్తావా? బీరువాలో ఉండాదని నీ నోటితో నువ్వే అంటివే!"

కోకిలమ్మకు ముందు అర్థం కాలేదు. నిన్నటి పెద్ద సంచీలో ఉన్నది ఆ తాంబాళమేనని తర్వాత తట్టింది.

"మీ అన్న సంచీ విప్పినాడు. కొత్తదాని మాదిరి మెరుస్తా ఉండాది, పాలీషు పట్టించినారు. పేరు చదువుకున్నాడు. పెరట్లోకి పోయి తలకు బిందె నీళ్ళు పోసుకున్నాడు. నేను వద్దువద్దంటానే ఉండాను" అని దేవసేన ఏడ్చింది.

మహేష్‌ను కూర్చోబెట్టి అడిగితే అంతా బయటపడింది. గోతాలు విప్పినప్పుడు ఒక డజను సామాన్లు వాడనివి కనబడ్డాయట. ఇవి కరిగించడం దేనికి, పాతసామాను లెక్కలో వేయను, పాలీషు పట్టి సంచుల్లో వేసిస్తాను, ఫంక్షనుకు పంచుకో అన్నాడట నటరాజ్. మంచి ఐడియానే అనుకున్నాడట. మూతికట్టిన సంచులు ఇంటికి తెచ్చి, రిటర్న్ గిఫ్టులని భార్యకు చెప్పాడు. వాటిల్లో తాంబాళం ఉన్న సంగతే అతనికి గుర్తులేదు.

"నా పేరుండాది కదరా దాని మీద!"

"యాడుంది మా? నేను చూసినా. నీ పేరు లేదు."

కోకిలమ్మ కొడుకు మొహంలోకి చూసింది. వాడు అబద్ధం చెప్పడం లేదు. మొట్టమొదటిసారి ఆమెకు తను తుడిచేసిన పలక గుర్తొచ్చింది.

ఆ పూటే కొడుకును వెంటబెట్టుకుని పల్లెకు పోయింది. వాసుదేవ వసారాలో కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కోకిలమ్మ జరిగిందంతా నిలబడే చెప్పింది. నా పేరుండేవి ముట్టుకోవద్దని చెప్పి పోయానని, వీళ్ళు తమిళంలో ఉన్నవే నా పేరనుకున్నారని, తెలుగు చదవడం రాదని. వాసుదేవ నవ్వాడు. అంత చేదు నవ్వు ఆయన మొహాన ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇంజనీరు చదివినోనికి కన్నతల్లి పేరు చదివేది రాదా? నిన్న ఒక అబద్ధం చెప్పినావు, నమ్మినా. ఈ పొద్దు దానికి తాతను తెచ్చినావు."

"అమ్మ తోడన్నా. వానికి రాదు."

వాసుదేవ లోపలికి పోయి తాంబాళం తెచ్చాడు. మహేష్ ఒళ్ళో పెట్టాడు.

"చదువురా."

మహేష్ తాంబాళాన్ని ఒక చుట్టు తిప్పాడు. "తెలుగులో ఉంది మామా" అన్నాడు.

"తెలుగులో ఉండేది నాకూ తెలుసు. ఏముందో చదువు."

"నాకు రాదు మామా. అంగడి పేరేమో అనుకున్నా."

"పోనీ. మీ అమ్మ పేరు యాడుందో వేలు పెట్టి చూపించు. అది చాలు."

మహేష్ వేలు అంచు మీద మెల్లగా కదిలింది. వేలు 'చెల్లెలు' దాటింది, 'కోకిలకు' దాటింది, 'అన్న వాసుదేవ' దాటింది. ఎక్కడా ఆగలేదు. చివరికి ఇదేనేమో అన్నట్టు ఒకచోట ఆగి, వాడు తలెత్తి తల్లి మొహంలోకి చూశాడు. వేలు కింద ఉన్నది 'తిరుత్తణి'.

దేవసేన కొంగు నోట్లో కుక్కుకుంది. వాసుదేవ వచ్చి మేనల్లుడి ఒళ్ళోంచి తాంబాళం తీసుకున్నాడు. అప్పటిదాకా నిటారుగా ఉన్న మనిషి ఒక్కసారిగా ముసలివాడయిపోయాడు.

"నువ్వు చెప్పిందే నిజం మే. నేనే నమ్మలా" అన్నాడు.

"అయితే కోపం పోయిందా అన్నా?"

"కోపమా? తెలిసి పంపించింటే కోపం. తొమ్మిదేండ్లు ఉండింది, పోయింది, ఇదీ పోయుండును. నీ మీద నాకేం కోపం లేదు." ఆగి, మెల్లిగా అన్నాడు. "వాని వేలు నా పేరు మీదనే పోయింది, నీ పేరు మీదనే పోయింది. వానికి తెలియలా. ఇంక మనం ఎవురికోసరం మే కలిసేది, ఎవురికోసరం విడిపోయేది?"

"తాంబాళం ఇవ్వన్నా. నేను తీసుకోని పోతా. ఈసారి గోడకు తగిలిస్తా."

"తలకు నీళ్ళు పోసుకున్నాను కదమ్మా. పోసుకున్నంక నిజం తెలిస్తే ఏం చేసేది?" అన్నాడు. "ఈడనే ఉండనీ. నేను బతికినన్నాళ్ళు చదివేదానికి ఒకడుంటాడు."

అన్నం తిని పొమ్మని దేవసేన అంది. ఆయన వద్దనలేదు. అయినా కోకిలమ్మకు అక్కడ ముద్ద దిగదనిపించింది. బస్సులో మహేష్ ఊత్తుకోట నుంచి తిరువళ్ళూరు దాకా "సారీ మా, సారీ మా" అంటూనే ఉన్నాడు. వాడు నిజంగానే బాధపడుతున్నాడు, అందులో అనుమానం లేదు. "నీదేం లేదులే నాయనా" అంది ఆమె. అంతకన్నా ఏమంటుంది? పలక తుడిచిన చెయ్యి తనదే.

యశశ్విని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఎవరూ ఏమనకపోయినా, నేను ఫోనులో ఆ వీడియోలు చూడకుంటే బాగుండునని తనను తానే తిట్టుకుంది. మూడో రోజు అత్త దగ్గరకొచ్చి, "అత్తా, ఇంక నేను దేన్నీ ముట్టుకోను. మీరు చెప్పేది చెప్పినట్టు చేస్తాను" అంది.

కోకిలమ్మ లేచింది. మంచం పక్కనున్న చెంబు తీసింది. అందులో మిగిలిన నీళ్ళు తులసికుండీలో పోసి, కొంగుతో తుడిచి, కోడలి చేతిలో పెట్టింది.

"దీన్ని కూడా నటరాజ్ అంగడికి వేసెయ్."

"అయ్యో, ఇది మీరు రోజూ తాగే చెంబు కదత్తా!"

"గ్లాసులు ఉండాయి కదా. నా పేరుండేవి."

యశశ్విని చెంబును అటూ ఇటూ తిప్పింది. ఈసారి జాగ్రత్తగా చూసింది, ఒకసారి దెబ్బతిని నేర్చుకున్న మనిషి కదా. మెడ కింద చుక్కలు చుక్కలుగా ఉన్న అక్షరాల దగ్గర ఆ పిల్ల బొటనవేలు ఆగింది.

"దీని మీద కూడా తెలుగులో ఏందో రాసుండాది. ఏముందత్తా?"

కోకిలమ్మ ఆ అక్షరాల వంక చూసింది. చెంగమ్మ. నాలుగేళ్ళ వయసులో తనకు మొట్టమొదట చదవడం వచ్చిన పేరు.

"ఏం లేదమ్మా" అంది. "అంగడి పేరు."